అల్ ఖువైర్ పిజ్జా, సమాయిల్ పిజ్జా... మధ్యలో మా అక్క

మా చిన్నప్పుడు... అరబ్బు దేశంలో, సమాయిల్ అనే చిన్న ఊళ్ళో మా క్వార్టర్స్ ముందు నాన్న కారు ఆగగానే నేను అక్క ముఖం కాదు, మూతి చూసేదాన్ని. మూతి పక్కన ఎర్రటి టమాటా మరక కనిపించిందా... ఇక నాకు ఒళ్ళు మండిపోయేది.

"మళ్ళీ తిన్నావా?"

"ఊఁ. పిన్ని కొనిపెట్టింది."

అమ్మ సమాయిల్ ఆసుపత్రిలో నర్సు. నాన్నకు సిటీలో, అల్ మవాలే అనే చోట ఒక ట్రేడింగ్ కంపెనీలో పని, అక్కడే రూమ్. నేను నాలుగో తరగతి, అమ్మ దగ్గరే ఉండేదాన్ని. నాకన్నా నాలుగేళ్ళు పెద్దదైన ఎస్తేరక్క మాత్రం పై తరగతుల కోసం అదే సిటీలో, అల్ ఖువైర్‌లో మా పిన్ని వాళ్ళింట్లో ఉండేది. ప్రతి వారం సెలవు ముందురోజు సాయంత్రం నాన్న దాన్ని కారెక్కించుకుని వచ్చేవారు.

బ్యాగు కింద పెట్టకముందే మొదలుపెట్టేది... "అక్కడ పిజ్జా అప్పడంలా పల్చగా ఉంటదే. అంచులు మాత్రం పూరీలా పొంగుతాయి. కట్టెల పొయ్యిలో కాలుస్తారు, ఇటలీలో ఇట్టాగే చేస్తారంట. మీదీ ఒక పిజ్జానా? బన్ను మీద చీజు!"

"మీది" అనేది చూశారా... అక్కడే నాకు కాలేది.

మా ఊరి బేకరీ పిజ్జా అంటే నాకు ప్రాణం. పగలంతా ఖుబ్జ్ రొట్టెలు కాల్చిన పొయ్యిలోనే సాయంత్రం పిజ్జాలు పెట్టేవారు. దిండులా మెత్తగా, మందంగా... పైన సాసేజ్ ముక్కలు, క్యాప్సికం, ఇంత చీజు, ఆ పైన నలిపిన చిప్స్. చేత్తో తుంచితే చీజు తీగలా సాగేది.

నాన్నది ఇంకో పాట. "మీ రెండూ కాదే... మా మవాలేలో టర్కీ వాళ్ళ కొట్టుంది. పడవలాగా పొడుగ్గా చేసి, మధ్యలో కీమా వేసి గుడ్డు కొట్టి పోస్తాడు. తిండంటే అదీ!"

"అది పిజ్జానే కాదు" అని నేనూ అక్కా ఒక్కమాట మీద నిలబడేది అప్పుడొక్కసారే.

నా కుళ్ళు పిజ్జాతోనే ఆగేది కాదు లెండి... దానికి లిఫ్టున్న బిల్డింగు. దానికి కిటికీలోంచి రంగురంగుల దీపాల రోడ్డు. పైగా అది వచ్చిన రోజు అమ్మ చేప ముళ్ళు తీసి దాని పళ్ళెంలోనే పెట్టేది. రోజూ ఉండేదాన్ని కదా... నాకెవరు తీస్తారు?

ఒకసారి నాన్న, "ఈ వారం తేల్చేద్దాం" అన్నారు. అక్క అల్ ఖువైర్ నుంచి తెచ్చింది. నాన్న దారిలో మవాలేలో ఆగి తన పడవ తెచ్చారు. వాళ్ళ కారు వస్తోందని తెలియగానే నేను అమ్మను బేకరీకి లాక్కెళ్ళి పొగలు కక్కే పిజ్జా పట్టుకొచ్చాను.

దారంతా అక్క పెట్టెను ఒళ్ళోనే పెట్టుకుందట. మూత తీస్తే ఏముంది... చల్లారి తోలులా బిగుసుకుపోయింది. "అక్కడ తింటే తెలుస్తదే మీకు" అంది, మూత మళ్ళీ మూసేయబోతూ. అమ్మ దాన్ని అట్ల పెనం మీద వేసి, పైన మూకుడు బోర్లించింది. అడుగు కాస్తా మాడిపోయింది.

"అప్పడం మాడిందీ!" అని నేను గంతులేశాను. నాన్న కూడా నవ్వేశారు.

అమ్మ నవ్వలేదు. ఆ మాడిన ముక్కే తీసుకుని, "బాగుందే ఎస్తేరూ" అంటూ తిన్నది. ఇంకోటి కూడా అడిగి వేయించుకుంది. నేను వేసిన వేడి ముక్క అమ్మ పళ్ళెంలో ఒక పక్కన అలాగే ఉండిపోయింది. పందెం నేనే గెలిచాను... అయినా ఆ సాయంత్రం కుళ్ళుకుని ఏడ్చింది కూడా నేనే.

ఆ వేసవి సెలవుల్లో పిన్ని నన్ను కొన్నాళ్ళు తన దగ్గరికి తీసుకెళ్ళింది. మా ఇద్దరినీ అక్క చెప్పే ఆ పిజ్జా కొట్టుకు కూడా తీసుకెళ్ళింది. పిజ్జా పొయ్యిలోంచి తిన్నగా మా బల్ల మీదికొచ్చింది. అంచు కరకరమంది, మధ్యలో టమాటా పుల్లపుల్లగా, తులసిలాంటి ఆకు వాసన... అక్క చెప్పిందంతా నిజమే. అది నిజమైనందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

"ఎట్టా ఉందే?"

"ఉంది" అన్నాను.

పిన్ని చేతులు కడుక్కోవడానికి లేచింది. అక్క కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"నువ్వు ఇక్కడుండిపోవే. పిన్నికి నేను చెప్తా. మా బళ్ళోనే చదువుకోవచ్చు, ఇది ఎప్పుడంటే అప్పుడు తినొచ్చు. నేను అమ్మ దగ్గరికెళ్ళిపోతా."

ఆటపట్టిస్తోందనుకుని దాని ముఖంలోకి చూశాను. కాదు.

"మధ్యాహ్నం అమ్మ డ్యూటీ నుంచొచ్చి పడుకుంటే... నువ్వు పక్కన పడుకుంటావా?"

"ఊఁ. అమ్మే పిలుస్తది."

నా చేతిలో ముక్క అలాగే ఉంది. ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నవన్నీ... ఆ లిఫ్టు, ఆ దీపాలు, ఆ పిజ్జా... అన్నీ అక్క ఇస్తానంటోంది.

"నేను ఉండను. అమ్మని ఇవ్వను" అన్నాను.

"తెలుసులే" అంది అక్క. నాకు ఆలివ్ కాయలు నచ్చవని, నా ముక్క మీదవి ఏరుకుని తన ముక్క మీద వేసుకుంది.

ఆ తర్వాత కూడా మేం పిజ్జా మీద దెబ్బలాడుకున్నాం. కానీ అక్క ఇంట్లో ఉన్న రోజు మధ్యాహ్నం అమ్మ పక్కన చోటు మాత్రం దానికే వదిలేసేదాన్ని... కుళ్ళుకుంటూనే వదిలేసేదాన్ని.

ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే సమాయిల్‌కైనా, అల్ ఖువైర్‌కైనా ఒకే పెట్టె, ఒకే రుచి. మా పిల్లలు ఎవరిది వాళ్ళు తెప్పించుకుని, ఎవరి గదిలో వాళ్ళు తినేస్తారు. ఎవరిది గొప్పో తేల్చుకునే గొడవే లేదు... ఇంట్లో అంత ప్రశాంతంగా ఉంటే నాకే ఏదోలా ఉంటుంది.

ఏ తిండి చూసి, ఎవరిని చూసి మీరు ఇలా కుళ్ళుకున్నారో... సిగ్గుపడకుండా కింద రాయండి. ముందు మా అక్క చదువుతుంది!