యాకూబ్ భాయ్ కుడి మడ్‌గార్డు

గత మంగళవారం ఉదయం ఆరూ పదికి పంజాగుట్ట పాల బూత్ దగ్గర నా వంతు వచ్చింది. రెండు ప్యాకెట్లు సంచిలో వేసుకుంటుంటే వెనక వరుసలోంచి పెయింటర్ నర్సింగ్ నా భుజం తట్టాడు.

"సార్, మన యాకూబ్ భాయ్ పోయిండు. పొద్దుగాల నమాజ్ యాళ్లకు."

నాలుగు రోజులుగా జ్వరమని నాకు తెలుసు. ఆదివారం దవాఖానకు వెళ్లి చూసి వచ్చాను కూడా. మంచానికి ఉన్న ఇనుప రేకు అంచును వేలితో తడిమి, "గిట్ల మడుస్తరా ఎవడన్న? చెయ్యి కోసుకపోతది" అని విసుక్కున్నాడు. అలా విసుక్కున్న మనిషి రెండు రోజుల్లో పోతాడని నాకు తోచలేదు. పాల సంచితోనే అమీర్‌పేటలోని ఆయన ఇంటి వైపు నడిచాను.

యాకూబ్ అలీ డెంటర్. గుద్దుకున్న కార్ల సొట్టలు తీయడం ఆయన వృత్తి. ఆ పని చేసేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. చదును రేకును కొట్టి కొట్టి దానిలోంచి మడ్‌గార్డు తీయగలిగినవాడు మాత్రం, నాకు తెలిసి, ఆయనొక్కడే.

ఖననం అయ్యాక ఖబరస్తాన్ గేటు దగ్గర అమీర్‌పేట గ్యారేజీ యజమాని ఒకాయన నా పక్కన నిలబడ్డాడు. చెవులు వినబడటం లేదని యాకూబ్ భాయ్‌ని పనిలోంచి తీసేసింది ఆయనే. "మంచి పనోడు సార్. జిద్దు జర ఎక్కువ. జమానాతోని మారలే, గందుకే ఎన్కబడ్డడు" అన్నాడు. మట్టి ఇంకా ఆరని చోట వాదించడం ఇష్టం లేక ఊరుకున్నాను. నా జవాబు ఇది.

నేను లైబ్రరీలో పుస్తకాల జాబితాలు రాసే ఉద్యోగిని. ఏడేళ్ల కిందట ఒక విదేశీ పత్రికలో ఒక బండి ఫొటో చూశాను. అమెరికాలో కొందరు పాత కారు అడుగుభాగం తెచ్చుకుని, ఇంటి వెనకే దానికి తమకు నచ్చిన ఒళ్లు తొడిగి, వేగంగా పోయే బండిగా మార్చుకుంటారు. దాన్ని హాట్ రాడ్ అంటారు. నా దగ్గర మా మామయ్య వదిలిపోయిన పాత జీపు చట్రం, ఇంజను ఉన్నాయి. అప్పటిదాకా సైకిలు తప్ప ఏదీ నడపని నాకు ఆ కోరిక ఎందుకు పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను. ఫొటోను చూసి చేత్తో గీసుకున్న బొమ్మ పట్టుకుని యాకూబ్ భాయ్ షెడ్డుకు వెళ్లాను.

ఆయన బొమ్మను చాలాసేపు చూశాడు. "ఎడమ దిక్కే ఉన్నది. కుడి దిక్కు ఎట్లుంటది?"

"అలాగే ఉంటుంది కదా?"

"మీ ముఖం కుడి దిక్కు, ఎడమ దిక్కు ఒక్కతీరు ఉన్నదా సార్?" అని నవ్వాడు. "సరే, చేద్దాం. ఒక్క మాట. నా పని మీద పుట్టీ పట్టనియ్య."

రేకులో వంకర మిగిలితే పుట్టీ అనే ముద్ద మెత్తి, రాకి నున్నగా చేసి, రంగు వేసేస్తారు. ఎవరికీ కనబడదు. యాకూబ్ భాయ్‌కి అది అబద్ధం. తన పని ముగిశాక, రంగుకు పంపేముందు, రేకును మధ్యాహ్నపు ఎండలో పెట్టేవాడు. దాని మీద అరచెయ్యి ఆనించేవాడు. బండి యజమానిని కూడా పిలిచి చెయ్యి పెట్టమనేవాడు. ఉత్త రేకు చురుక్కుమని కాలుతుంది. పుట్టీ ఉన్నచోట అంత కాలదు. ఆయన హామీ పత్రం అదే.

సనత్‌నగర్ నుంచి రేకు తెచ్చాం. గుంట తవ్విన చింతమొద్దు మీద రేకును పెట్టి కొయ్య సుత్తితో కొడితే అది మెల్లగా ఉబ్బుతుంది. ఎక్కువ కొడితే సాగి వదులైపోతుంది. వేలితో నొక్కితే లోపలికి పోయి టక్కున బయటికి వస్తుంది. ఎక్కడ ఆపాలో ఆయనకు చెవి చెప్పేది. బిగువుగా ఉన్న రేకుది ఒక మోత, సాగబోతున్న రేకుది ఇంకో మోత. ఎడమ మడ్‌గార్డు అలా వచ్చింది. బత్తాయి తొక్కలా ఎక్కడా అతుకు లేకుండా వచ్చింది.

కుడివైపు మొదలుపెట్టే నాటికి ఆయన చెవులు పోయాయి. ఇన్నేళ్ల సుత్తి దెబ్బలే వాటిని తీసుకున్నాయి. ఎడమ చెవి దగ్గర గట్టిగా అరిస్తే కొంత అందేది. గ్యారేజీ పని ఊడింది. మిగిలింది సొంత షెడ్డు, నా బండి. చెవి లేకుండా కుడి మడ్‌గార్డు చేయగలిగితే ఆయన ఇంకా డెంటరే. లేకపోతే లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కుడి మడ్‌గార్డు పూర్తయింది. ఎండలో చెయ్యి కూడా పెట్టి చూశాం. నాకు అనుమానం తీరక, ఆయన లేనప్పుడు దారంతో రెండువైపులా కొలిచాను. కుడివైపు ఉబ్బు అర వేలి మందం తగ్గింది. సాగిపోతుందన్న భయంతో ముందే ఆపేశాడు. ఆ సంగతి ఆయనకు చెప్పవలసింది నేను. చెప్పలేదు. నర్సింగ్‌ను పక్కకు పిలిచి, ఆ అర వేలు పుట్టీతో నింపి తేడా తెలియకుండా రెండు మడ్‌గార్డులకూ రంగుకు ముందు వేసే ఎర్ర ప్రైమర్ కొట్టమన్నాను. జాలి అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం యాకూబ్ భాయ్ వచ్చాడు. అలవాటుగా ఎడమ మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి తీశాడు. కుడి దాని మీద పెట్టాడు. తీయలేదు. అలాగే ఉంచి నర్సింగ్ వైపు చూశాడు. నర్సింగ్ నా వైపు చూశాడు.

"ఎందుకు చెప్పలే సార్?"

"మీరు బాధపడతారని."

"ఆఁ?"

ఆయన చెవి దగ్గరికి వెళ్లి అరవవలసి వచ్చింది. "మీరు బాధపడతారని చెప్పలేదు!" గల్లీ అంతా విన్నది. పక్క దుకాణంలో చాయ్ తాగేవాళ్లు తిరిగి చూశారు.

"చెవులే పోయినయ్ సార్, ఇజ్జత్ పోలే" అన్నాడు నెమ్మదిగా. గీకుడు రేకు తీసుకుని పుట్టీ మొత్తం రాల్చాడు. తర్వాత తను చేసిన మడ్‌గార్డును తనే విప్పి తుక్కులో పడేశాడు. "గిది తప్పే. తప్పు నాది. మీది దాచిపెట్టుడు."

అది రంజాన్ నెల. ఉపవాసం ఉన్నవాళ్లు కూడా పళ్లు తోముకునే మిస్వాక్ పుల్ల ఆయన జేబులో ఉండేది. కొత్త రేకు మొదలుపెట్టిన మూడో రోజున ఆ పుల్లను పళ్ల మధ్య బిగించి, రెండో కొన రేకుకు ఆనించి, గోటితో రేకును మీటడం చూశాను. పది దెబ్బలు కొట్టడం, వంగి పుల్ల ఆనించడం, మీటడం, మళ్లీ పది దెబ్బలు. నర్సింగ్ పగలబడి నవ్వాడు. "ఏం భాయ్, రేకును తింటున్నవా? రోజా ఇడుస్తది చూడు!"

పెదవుల కదలిక చూసి యాకూబ్ భాయ్ కూడా నవ్వాడు. నాతో అన్నాడు: "ఇనబడదు సార్. పంటికి సమజైతది."

పండుగకు రెండు రోజుల ముందు అయిపోయింది. ఈసారి దారం నా చేతికి ఆయనే ఇచ్చాడు. రెండు వైపులా ఒక్క కొలత. రెండు వైపులా నా అరచెయ్యి కాలింది.

బండి మొదటిసారి రోడ్డెక్కినప్పుడు, ప్రైమర్ రంగులోనే, నన్ను ఆ గ్యారేజీ ముందు ఆపమన్నాడు. మిట్టమధ్యాహ్నం. యజమానిని బయటికి పిలిచాడు. "సేఠ్, జర చెయ్యి పెట్టుండ్రి." సేఠ్ పెట్టి చటుక్కున తీసుకున్నాడు. "కాలిందా? చెవిటోని పని" అన్నాడు యాకూబ్ భాయ్.

"రేపట్నుంచి రా భాయ్" అని యజమాని ఆయన చెవి దగ్గర అరిచాడు.

"పుట్టీ డబ్బాలు బయటికి పోతె నేను లోపటికొస్త" అన్నాడు. డబ్బాలు పోలేదు. ఆయన వెళ్లలేదు.

అయ్యా, కాలంతో మారలేదని మీరన్నది తప్పు. చెవి పోతే పంటితో వినడం నేర్చుకున్నాడు. నడివయసు దాటిన మనిషి నెల రోజుల్లో తన పని పద్ధతి మొత్తం మార్చుకున్నాడు. మార్చుకోనిది ఒక్కటే, తన తప్పును పైపూతతో కప్పనివ్వకపోవడం. దానికి వెనకబడటమని పేరు పెట్టడానికి నేను ఒప్పుకోను. ఈ వ్యాసంలో ఆయనను పెద్ద మాటలతో పొగడలేదు. పొగిడితే ఎండలో చెయ్యి పెట్టి పట్టేసేవాడు.

బండి మా ఇంటి ముందు ఉంది. నమ్మకం లేనివాళ్లు మధ్యాహ్నం పూట వచ్చి కుడి మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి చూడవచ్చు. యాకూబ్ భాయ్ షెడ్డుకు తాళం పడింది. నర్సింగ్ ఆ గ్యారేజీలోనే చేరాడు. అక్కడ ఎండ పరీక్ష చేస్తున్నారా అని నిన్న వెళ్లి అడిగాను. తల వంచుకుని లేదన్నాడు. అమీర్‌పేటలో ఇప్పుడు రంగు వేసేముందు రేకును ఎవరూ ఎండలో పెట్టడం లేదు.