పన్నెండో పేజీలోని కీ

మా కంప్యూటర్ ల్యాబు మాస్టారు పోయారని సోమవారం పొద్దున తెలిసింది. సాయంత్రానికల్లా నరసరావుపేటలోని మా కాలేజీ గేటుకి ఆయన ఫ్లెక్సీ కట్టారు. "విలువలకు మారుపేరు" అట. కట్టించింది ఆయన్ని ఉద్యోగంలోంచి సాగనంపిన యాజమాన్యమే. సిగ్గుండాలి. నాకూ ఉండాలి, ఎందుకో చెబుతాను.

మాస్టారు మెత్తని మనిషేం కాదు. ఎవరైనా పాస్‌వర్డు కాగితం మీద రాసుకుంటే, లాక్కుని నలిపి తన చొక్కా జేబులో వేసుకునేవారు. "దొంగ గోడ దూకి రాడమ్మా, మన బద్ధకం చూసుకుని గేటులోంచే వస్తాడు" అనేవారు. జీతం రాని పని ఇంకొకటి పెట్టుకున్నారు. లోకమంతా ఉచితంగా వాడుకునే ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం, పాస్‌వర్డు బదులు వాడే పొడుగాటి అక్షరాల లాగిన్ కీల్లో బయటపడిపోయినవాటి జాబితా చూసేవారు. ఆ జాబితాకెక్కిన కీని అప్‌డేట్ అయిన ఏ మిషనూ లోపలికి రానివ్వదు.

ల్యాబు మాన్యువల్ రాసింది ఆయన కింద పనిచేసే నేను; అట్ట మీద నా పేరు లేదు. కీ ఎలా ఉంటుందో చూపించాలని పన్నెండో పేజీలో నా సొంత కీనే, దాచుకోవాల్సిన సగంతో సహా, అచ్చువేయించాను. పిల్లలు రికార్డుల్లోకి దించారు. జిరాక్స్ షాపువాడు స్పైరల్ బైండింగ్ చేసి అమ్మాడు. ఇంటర్నల్ మార్కులుండే మిషన్ తెరుచుకునేదీ ఆ కీతోనే.

మాస్టారు చూసిన పూటే దాన్ని ఆపేసి, జాబితాకి ఎక్కించారు. మర్నాడే మార్కులు పంపడానికి గడువు. కాలేజీ నడిపే కరస్పాండెంటు మండిపడి, ఈ ఒక్క పూటకి పాత కీతోనే తెరవమన్నాడు.

"ఊరంతా పంచిన తాళంచెవితో నేను తలుపు తీయను. మార్కులు పేపర్లతో సరిచూసినాకే కొత్త కీ."

అసలు ఆ కీ ఎవరిదని కరస్పాండెంటు అడిగాడు. కీ చివర నా లాగిన్ పేరుంది. అక్కడ చూడాలని ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.

"ల్యాబు నాది. తప్పూ నాదే," అన్నారు మాస్టారు.

నేను నేల చూశాను. ఆ వారమే ఆయన్ని పంపించేశారు. వెళ్తూ నాతో అన్నది ఒక్కటే: "కొత్త కీ చేసుకో. ఈసారి ఎవరికీ చూపించమాక."

ఫ్లెక్సీ చూసొచ్చి, కొత్తగా పెట్టిన మిషన్‌లో ఆ పాత కీని చేర్చి ప్రయత్నించాను. నిషేధించిన కీ అని తిప్పికొట్టింది. నా పేరు బయటపెట్టని మనిషి నా కీని మాత్రం వదల్లేదు. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది.

బీరువాలో మాన్యువల్ ఒకటి మిగిలింది. పన్నెండో పేజీ చింపి నలిపాను. వేసుకోవడానికి నాకు జేబు లేదు. రేపు సంతాప సభలో కరస్పాండెంటు మాట్లాడతాడట. అతను కూర్చున్నాక లేచి మాట్లాడాలని, ఆ కాగితాన్ని గుప్పిట్లోనే పట్టుకుని ఇంటికి నడిచాను.