సుగుణక్క గడ్డి

నిన్న పొద్దున ట్యాంకులో తెగులు మందు కలుపుతుంటే, ముఖానికి గుడ్డ కట్టుకున్నా ఆ ఘాటు ముక్కుకు తగిలింది. వెంటనే సుగుణక్క గుర్తొచ్చింది. కొందరు మల్లెపూలకు గుర్తొస్తారు. మా అక్కకు ఈ అదృష్టం పట్టింది. జనగామ పక్కన మా పొలానికి గట్టు అవతలే ఆమె పొలం. వరి మాని, పట్నం బంగళాల ముందు పరిచే పచ్చికను పెంచి, చాపల్లా కోసి అమ్మేది. ఆమెను చూసి నేనూ ఒక మడిలో పెట్టాను. బర్లకు వేయని గడ్డి ఏం గడ్డి అని ఊరంతా నవ్వింది. కోడలి పని చూసి మా మామ మాత్రం నవ్వలేదు. "గిది గిన పాడైతే దున్నిచ్చి మక్కలేస్త, బిడ్డా," అన్నాడు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. కోతకు ముందు నా మడిలో పళ్లెమంతేసి ఎండు మచ్చలు లేచాయి. పొద్దున మంచులో చూస్తే వాటి అంచున బూజు. మామ కంటపడక ముందే పోగొట్టాలని, మందు తెచ్చి పరుగులాంటి నడకతో కొట్టేశాను. మచ్చలు ఆగలేదు. సుగుణక్క వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, పేలు చూసినట్టు గడ్డిని పాయ తీసింది.

"ఆకులకు తానం పోసినవ్. మొదళ్లల్ల జర సుత తడి తగల్లే. రోగం ఆడనే ఉన్నది."

"మల్ల కొడ్త అక్కా."

"ఆగు. రాత్రి మోటరు నడుస్తదా?"

నడిచేది. కరెంటు ఏ వేళకొస్తుందో తెలియక, అందరిలాగే మేమూ స్టార్టరును ఆటోలో పెట్టి పడుకునేవాళ్లం. కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరిగేది. కొట్టిన మందు కడుక్కుపోయి, గడ్డి తెల్లవార్లూ తడిలో నానేది.

"రోగాన్ని నువ్వే సాదుతున్నవ్ గదనే," అంది. నాకు ఒళ్లు మండింది. ఆటో తీసేస్తే నీళ్లందక గడ్డి మాడొచ్చు, అప్పుడు మామకు సాకు దొరికినట్టే. అయినా తీసేశాను.

మర్నాడు మంచు ఆరాక, గాలి లేని వేళ చూసి నేను మళ్లీ మందు కొడుతుంటే, అక్క నా పక్కనే నడిచింది. నీళ్లు ఎక్కువ పడే నాజిల్ పెట్టించింది. మచ్చ అంచు దాటి, పచ్చగా ఉన్న చోట కూడా కొట్టమంది. నాలుగడుగులు పోగానే "కూసో, చూడు" అనేది. చేతికి తొడుగేసుకుని మొదళ్లు విప్పి, తడి చూశాకే ముందుకు కదలనిచ్చింది.

పట్నం లారీ రావలసిన రోజున రాస్తారోకో. రోడ్డు మీదే వంటావార్పు; మేమిద్దరం అక్కడే కూరగాయలు తరిగాం. లారీ రాలేదని నేను దిగులుపడితే, "మంచిగాయె తియ్. తెలంగాణ వచ్చేసరికి నీ గడ్డి లేస్తది," అని నవ్వింది.

మచ్చలు పెరగడం ఆగింది. కానీ నడుమ బోడి జాగాలు మిగిలాయి. ఒకరోజు అక్క తన మడిలో అమ్మకానికి సిద్ధంగా ఉన్న చాపలు కోసుకొచ్చి, వాటిలో పరిచి కాలితో అదిమింది. గట్టు మీది నుంచి మామ చూశాడు.

"నీ గడ్డెందుకు ఆగం చేసుకుంటున్నవ్, సుగుణా?"

"ఆగమెందుకైతది బాపూ? ఆడ మల్ల మొలుస్తది."

మామ దున్నే మాట మళ్లీ ఎత్తలేదు. లారీలు తిరిగేసరికి ఆ చాపలు వేళ్లు పట్టుకున్నాయి. నా మొదటి పంట అమ్ముడుపోయిన రోజు ఎంత సంతోషపడ్డానో!

అక్క ఇప్పుడు మహబూబాబాద్‌లో కూతురి దగ్గర ఉంటోంది. పచ్చిక కోసేటప్పుడు అక్కడక్కడా కొంచెం వదిలేస్తాం. మడి మళ్లీ దాని నుంచే అల్లుకుంటుంది. నేను ప్రతిసారీ వదిలేది ఆమె పరిచిన చోట్లనే. ఇన్ని కోతల తర్వాత, మడి మొత్తం సుగుణక్క గడ్డే.