మేస్త్రీ అన్న ఫోన్‌లో మా ఇంటి మెయిల్

నిన్న కొత్త ఫోన్‌లో బ్యాంకు పేజీ తెరిస్తే, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటారా అని తెలుగులోనే మర్యాదగా అడిగింది. వద్దని నొక్కుతుంటే ఈ వయసులోనూ చెవులు వేడెక్కాయి. ఒకే గదిలో ఒకే ఫోన్‌తో గల్ఫ్ బతుకు గడిపిన నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది.

2007 అనుకుంటాను. అబుదాబి దగ్గర మఫ్రఖ్ లేబర్ క్యాంపులో నేను కూలీల హాజరు రాసే టైమ్‌కీపర్ని. గదిలో నెట్ వచ్చే ఫోన్ మేస్త్రీ అన్నదొక్కటే. కరీంనగర్ వైపు మనిషి. శుక్రవారం భోజనాలయ్యాక అందరం వరసగా అందులోనే మెయిల్ చూసుకునేవాళ్లం. చదువు రానివాళ్లకు మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు గదంతా వినేలా చదివిపెట్టేవాడు. ఒకరింటి కబురు అందరిదీ అన్నది మా రివాజు. ఆ కూడికలోనే నేను దేవుళ్ల మీదా దయ్యాల మీదా విరుచుకుపడేవాణ్ణి. వాదించి వాదించి చివరికి మేస్త్రీ అన్న చేతే ఆయన దండచేతికున్న తాయెత్తు తెంపించాను.

ఆ చిన్న బటన్ల మీద ఒక్కో అక్షరానికి పదేపదే నొక్కలేక, పాస్‌వర్డ్ దాచమంటావా అని ఫోన్ ఇంగ్లీషులో అడిగితే ఎస్ కొట్టాను. ప్రతిదాన్నీ ప్రశ్నించమని గొంతు చించుకునే నేను, నన్నడిగిన ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగలేదు.

తర్వాతి శుక్రవారం మేస్త్రీ అన్న, తన మెయిల్ చదవమని తమ్ముడికి ఫోన్ అందించాడు. తెరుచుకున్నది నాది. నేను ఒప్పుకున్నట్టే జ్వరంతో ఉన్న బాబుకు తాయెత్తు కట్టించామనీ, ఎవరికీ చెప్పొద్దని నేనన్నాను కాబట్టి చెప్పలేదనీ మా ఆవిడ రాయించింది. అంతవరకూ బిగ్గరగా చదివి తమ్ముడు ఆగిపోయాడు.

"అన్నా, గిది నీది గాదే. సారుది!"

గది ఘొల్లుమంది. "వారెవ్వా సారూ! మావి తెంపిస్తివి, నీ ఇంట్ల కట్టిస్తివా?"

మేస్త్రీ అన్న నవ్వలేదు. "ఖలాస్, ఊకోండ్రి. పిలగానికి జెరం తగ్గిందా లేదా, ముందుగాల గది సదువుర్రి."

మిగతాది నేనే చదివాను. తాయెత్తు కట్టిన రోజే డాక్టరు మందు మార్చాడట, జ్వరం దిగిందట. మందువల్లేనని చెప్పాలి. ఈ రోజుకీ నేను నమ్మేది అదే. కానీ తాయెత్తు దారం ఉన్నచోట ఎండ తగలని గీత ఇంకా తెల్లగా కనబడుతున్న మేస్త్రీ అన్న చేతిలో ఫోన్ మాత్రమే పెట్టాను.

ఆ సాయంత్రమే దాచిన పాస్‌వర్డులన్నీ చెరిపేశాను. పని కాగానే మెయిల్‌లోంచి బయటికి రావాలనీ, ఫోన్ ఏది అడిగినా చదవనిదే ఎస్ కొట్టొద్దనీ అందరికీ నేర్పాను. శ్రద్ధగా నేర్చుకున్నారు. కొన్నాళ్లకు ఎవరి ఫోన్ వాళ్లకొచ్చింది; శుక్రవారం చదువులు ఆగిపోయాయి.

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ల వేలికే తెరుచుకుంటుంది. అది కావలసిందేనని ఎక్కడైనా వాదిస్తాను. కానీ నాలాంటి రెండు నాలుకలవాణ్ణి పట్టిచ్చే గది ఇక లేదు. పట్టుబడ్డవాణ్ణి ముందు బిడ్డ సంగతి అడిగే గొంతూ వినబడదు. తాయెత్తుల మీద ఆ తర్వాత ఎన్నో వ్యాసాలు రాశాను. ఒక్కటీ మేస్త్రీ అన్నకు పంపలేకపోయాను.