బాపు గీసిన ఆరంగుళాల గీత

చదువు విషయంలో బాపు అని పిలుచుకునే మా నాన్న నోట "శభాష్" అనే మాట నేను ఎన్నడూ వినలేదు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై కాగితం చూపిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఇంటర్ల చేర్తవన్నట్టు" అన్నాడు. అంతే. వరంగల్ బజారులో బట్టల దుకాణం ఆయనది. పొగిడితే పిల్లలు నెత్తికెక్కుతారని ఆయన నమ్మకం. దుకాణానికొచ్చిన ఆడవాళ్లను మాత్రం "ఈ రంగు నీకోసమే పుట్టింది అక్కా" అని నోరారా పొగిడేవాడు. నాకు లోపల మండేది.

డెబ్బైల చివర్లో హన్మకొండలో బీఎడ్ చదువుతుండగా సైకాలజీ ప్రాక్టికల్ వచ్చింది. దాని పేరు పునర్బలనం. పని సరిగ్గా చేసినప్పుడు మెచ్చుకుంటే మనిషి తొందరగా నేర్చుకుంటాడని దాని సారాంశం. ఇంట్లో ఒకరి కళ్లకు గంతలు కట్టి ఆరంగుళాల గీతలు గీయించాలి. మొదటి పదికి ఏమీ చెప్పకూడదు. ఆ తర్వాత గీత సరిగ్గా వచ్చినప్పుడు మాత్రమే "శభాష్" అనాలి. మధ్యలో సాధన చేయనిస్తే మార్కులు పోతాయని లెక్చరర్ ముందే బెదిరించాడు.

దుకాణం సెలవునాడు బాపును అడిగాను.

"ఆరంగులాలా? ముప్పై ఏండ్ల సంది కొలుస్తాన. కండ్లు మూసుకొని గీస్త" అన్నాడు. ఎలాగూ మూయాల్సినవే కాబట్టి దస్తీతో గంతలు కట్టాను.

పది గీతలు గీశాడు. స్కేలు పెట్టి చూస్తే పదికి పదీ ఐదున్నర అంగుళాలు. వెంట్రుకవాసి తేడా లేదు. పదకొండోదీ ఐదున్నరే. నోరు మూసుకున్నాను. పన్నెండు, పదమూడు, అవీ అంతే. గీత పూర్తి కాగానే బాపు పెన్సిలు ఆపి, చెవి నా వైపు తిప్పి కూర్చునేవాడు. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని నేనూ అలాగే నిలబడేదాన్ని. అబద్ధమెందుకు, నాకు కాస్త హాయిగానే ఉంది. ఇరవయ్యో గీతకు మాత్రం జాలేసింది.

"ఏంది బిడ్డా, ఒక్కసారన్న శభాష్ అంటలెవ్వు?"

"గీత తక్కువొస్తాంది బాపూ. ప్రతిసారి అరంగులం."

గంతలు లాగేసి, స్కేలు గుంజుకుని తానే కొలిచాడు. తర్వాత తన కుడిచేతి బొటనవేలి వంక చూసుకున్నాడు. నేనూ చూశాను. మీటరు కట్టె కొసన ఆ వేలు ఆనించి, గుడ్డను వేలికి ఇవతలే పట్టి కొలవడం ఆయన పద్ధతి. మీటరు మీటరుకూ వేలెడు గుడ్డ దుకాణంలోనే మిగిలేది. ఎవరూ అడక్కుండా పోయినప్పుడల్లా ఆ చేతికి అదే శభాష్ అన్నమాట.

"అందరు గట్లనే కొలుస్తరు" అని గొణిగాడు. ఆ పూట తేలు కుట్టిన దొంగలా అన్నం తిని లేచాడు. మా బాపు నా ముందు తల దించుకోవడం నాకేమీ బాగనిపించలేదు.

మర్నాడు కాలేజీ అయ్యాక దుకాణానికి వెళ్లాను. ఏళ్ల తరబడి వర్ధన్నపేట నుంచి వచ్చే ఒకామె లంగా గుడ్డ మూడు మీటర్లు అడిగింది. బాపు నన్నొకసారి చూసి, వేలు వెనక్కి తీసి, నిండుగా కొలిచి కత్తిరించాడు. ఆమె దాన్ని తన మూరతో కొలుచుకుని అనుమానంగా చూసింది.

"ఏంది సేటు, ఇయ్యాల ఎక్కువొచ్చింది? గుడ్డల ఏమన్న ఖరాబున్నదా?"

"మూడే గదా అక్కా అడిగినవ్."

"నాకు గావాల్సింది బెత్తెడు తక్కువ మూడే. నీ చెయ్యి నాకెరుకలేదా? అందుకే జర ఎక్కువడుగుత."

నేను నవ్వాపుకోలేక తానుల వెనక్కి పోయాను. బాపు ముఖం కందగడ్డయింది. ఊరూరికీ తెలిసిన సంగతి ఆయన కూతురికే ఆలస్యంగా తెలిసింది.

వారం తిరిగాక దస్తీ తానే తెచ్చి "కట్టు" అన్నాడు. వారమంతా దుకాణంలో నిండు మీటర్లు కొలిచి వచ్చిన మనిషి. ఈ ప్రయోగం చెల్లదని తెలిసీ కట్టాను. మొదటి గీత ఆరున్నర. రెండోది ఆరుంబావు. మూడోది సరిగ్గా ఆరు.

"శభాష్!" అని పక్కింటికి వినబడేలా అరిచాను. గంతల కింద మీసాలు నవ్వాయి.

రికార్డులో జరిగింది జరిగినట్టే రాశాను. నియమం తప్పానని లెక్చరర్ క్లాసులో అందరికంటే తక్కువ మార్కులు వేశాడు. ఆ రికార్డు తెచ్చి బాపు ముందు పెట్టాను. ఐదున్నర అని వరసగా రాసి ఉన్న పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇవి తీసెయ్యకపోయినవా?"

"ఉన్నదున్నట్టు రాయాలె బాపూ."

"మరి మార్కులు?"

"తక్కువొచ్చినయ్."

రికార్డు మూసి, అట్ట మీది దుమ్ము బొటనవేలితో తుడిచి నా చేతికిచ్చాడు.

"శభాష్ బిడ్డా" అన్నాడు.