పన్నెండు నిమిషాల వ్యాసం

1979 జులైలో ఆదోనిలోని ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు ట్యూటరుగా చేరాను. ట్యూటరంటే లెక్చరరుకు కింది మెట్టు. నాటకం, పద్యాలు లెక్చరర్లు చెప్పేవారు. మొదటి సంవత్సరం వాళ్ళకు కాంపోజిషన్, అంటే వ్యాసరచన, నేర్పి నోటుపుస్తకాలు దిద్దడం ట్యూటరు పని. పిల్లలు చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు. మొదటి వారం ‘మా ఊరు’ అని వ్యాసం ఇస్తే అందరి పుస్తకాల్లోనూ ఒకటే ఊరు వచ్చింది. ఆ ఊళ్ళో నది పారుతోంది, కొబ్బరిచెట్లు ఊగుతున్నాయి. పెద్దకడుబూరులో కొబ్బరితోట ఎక్కడుందని ఆ ఊరి ఈరన్నను అడిగితే, గైడులో ఉంది సార్ అన్నాడు.

నాకప్పుడు పాతికేళ్ళు. గైడులు మూయించి కొత్త నియమం పెట్టాను. వ్యాసం మొదటి వాక్యంలో, ఎవరైనా కాదనడానికి వీలున్న మాట ఒకటి అనాలి. తర్వాతి పేరాల్లో దానికి రుజువులు చూపాలి. ఆ రుజువులు తమ కళ్ళతో చూసినవి కావాలి. తప్పుల ఇంగ్లీషైనా ఫరవాలేదు, అరువు ఇంగ్లీషు వద్దన్నాను. క్లాసు సంతలా మోగిపోయింది.

నాగవేణి ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటి పిల్ల. వాళ్ళ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి. ఆమె, దారిలో ఎక్కే ఈరన్న, మరికొందరు రోజూ పొద్దున ఎమ్మిగనూరు బస్సులో వచ్చేవారు. కళాశాల పదింటికి మొదలు. వీళ్ళు వచ్చేసరికి మొదటి గంట హాజరు పిలవడం అయిపోయేది. గైరుహాజరు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. నూటికి డెబ్బై అయిదు హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. అక్టోబరు నాటికి నాగవేణి పేరు ఆ తక్కువవాళ్ళ జాబితాలోకి ఎక్కింది. పరీక్ష తప్పితే ఇక చదువు మాన్పించి మగ్గం ముందు కూర్చోబెడతామని ఇంట్లో అన్నారట.

ఆమె, ఈరన్న కలిసి దాని మీదే వ్యాసం రాశారు. ‘ఎమ్మిగనూరు బస్సు రోజూ ఆలస్యంగా వస్తుంది, శిక్ష మాకు పడుతుంది’ అన్నది మొదటి వాక్యం. మూడు వారాలపాటు తాము కళాశాల చేరిన వేళ, ప్రిన్సిపాల్ గది ముందున్న గోడగడియారం చూసి, తేదీలవారీగా రాశారు. ఏ రోజూ పది దాటి ఆరేడు నిమిషాలకు తక్కువ లేదు. చదివి నేను గాలిలో తేలిపోయాను. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు వేసి లైబ్రరీ బోర్డు మీద పెట్టించాను. ఈరన్న అంతటితో ఆగలేదు. ఇంకో ప్రతి రాసి, ఏకంగా ఆ బస్సులోనే డ్రైవరు సీటు వెనక అతికించి వచ్చాడు.

బస్సు యజమాని మస్తాన్ సాబుకు ఇంగ్లీషు రాదు. ఒక ప్లీడరుతో చదివించుకున్నాడట. మర్నాడు మధ్యాహ్నం చేతిలో కాగితాల కట్ట, భుజాన ట్రాన్సిస్టరుతో ప్రిన్సిపాల్ గదికి వచ్చాడు. నన్ను, ఆ ఇద్దరినీ పిలిపించారు. ఉద్యోగంలో నాకింకా ప్రొబేషను కూడా పూర్తికాలేదు.

“నా బండి లేటని రాసినారంట సార్. తొమ్మిది నలభై అయిదుకు ఆదోని స్టాండులో ఉంటాది. ఈడ టైంకీపరు సంతకం ఉండాది, సూడండి” అని మస్తాన్ సాబు కాగితాలు పరిచాడు. రోజువారీ ట్రిప్పు షీట్లు అవి. ప్రతి షీటు మీదా సంతకం ఉంది.

స్టాండు నుంచి కళాశాలకు పది నిమిషాల నడక. నాగవేణి షీట్లు చూసింది, తన నోటుపుస్తకం చూసింది.

“సార్, ఈ సాబు బండి యాళకే వచ్చింటే, మేము తొమ్మిది యాభై అయిదుకే ఈడుండాల గదా?” అంది మెల్లగా.

అందరి కళ్ళూ గోడగడియారం మీదికి పోయాయి. దాన్ని చూసే అటెండరు గంట కొట్టేవాడు, దాన్ని చూసే మేమంతా వాచీలు దిద్దుకునేవాళ్ళం. రెండు కావస్తోందని మస్తాన్ సాబు ట్రాన్సిస్టరు బల్ల మీద పెట్టాడు. రెండు గంటల ఇంగ్లీషు వార్తలకు ముందు సరైన టైము తెలిపే కూతలు వినబడ్డాయి. గోడగడియారంలో రెండూ పన్నెండు అయింది.

ఈరన్న ఒక్కడు కిసుక్కుమన్నాడు. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, లెక్చరర్లు వేళకు రావాలని మూడేళ్ళ కిందట తానే దాన్ని అయిదు నిమిషాలు ముందుకు జరిపానని ఒప్పుకున్నారు. మిగతా ఏడు నిమిషాలూ అది తనంతట తానే పరుగెత్తింది.

పాత గడియారం ముళ్ళు వెనక్కి తిప్పితే పాడవుతుంది. అందుకని ఆయన కుర్చీ ఎక్కి లోలకం ఆపారు. అది పన్నెండు నిమిషాలు ఆగి ఉండాలి. వరండా నిండా పిల్లలు చేరారు. కళాశాలలో ఇప్పుడు టైమెంతని ఒకరు అడిగితే, టైము లేదని ఇంకొకరు చెప్పారు. నవ్వు మొదలై ఎవరికీ ఆగలేదు. కుర్చీ మీద నిలబడ్డ ప్రిన్సిపాల్ గారు పడిపోయేంతగా నవ్వారు. మస్తాన్ సాబు ఆయన్ని పట్టుకుని నవ్వాడు. నాకు కడుపులో నొప్పి పుట్టింది. నా పాతికేళ్ళ ఉద్యోగంలో అంత హాయిగా గడిచిన పన్నెండు నిమిషాలు మళ్ళీ లేవు.

ఆ వారమే ఎమ్మిగనూరు బస్సు పిల్లల మొదటి గంట హాజరు సరిచేయమని ఆర్డరు వచ్చింది. నాగవేణి పరీక్షకు కూర్చుంది, సెకండ్ క్లాసులో పాసైంది. అంతకు ముందు వ్యాసాన్ని తిరగరాసి తెచ్చింది. మొదటి వాక్యం మార్చింది, తేదీల పట్టీ మాత్రం అక్షరం మార్చకుండా ఉంచింది. మొదట వేసిన మార్కులు ఉంటాయా పోతాయా అని అడిగింది. ఉంటాయన్నాను, ఎందుకంటే ఆ మార్కుల్లో తప్పు నాది.

రుజువు నిజమైనంత మాత్రాన దాని మీద నిలబెట్టిన మాట నిజం కానక్కర్లేదు. వాళ్ళు చూసింది సరిగ్గానే రాశారు. దేనితో కొలిచారో అడగాల్సింది నేను, అడగకుండానే దిద్దాను. తర్వాత నా దగ్గర రాసిన ప్రతి వ్యాసంలోనూ రుజువుల పేరాకు ముందు ఇంకో పేరా తప్పనిసరి చేశాను: ఇది నాకెలా తెలిసింది అని. అది లేని వ్యాసానికి ఎంత మంచి ఇంగ్లీషైనా సగం మార్కులే.