చాచుకోని చెయ్యి

మా మార్కాపురంలో ఆసుపత్రులకు అంతస్తులు పెరుగుతున్నాయి. నర్సులు మాత్రం ఎప్పుడూ ఒకరు తక్కువే. గోరుచుట్టు మీద రోకటిపోటులా, నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో ఆ రోజు నా తర్వాత డ్యూటీకి రావాల్సిన ఆమె రాలేదు. ముందురోజు రాత్రి ఎక్కిన డ్యూటీ మర్నాడు సాయంత్రమైనా దిగలేదు. కాళ్లు నావి కావనిపిస్తోంది. కంభం బస్సెక్కి ఇంటికి పోయి పడుకోవడం తప్ప వేరే కోరిక లేదు.

మేనేజరు ఒక దారి చూపించాడు. కొత్తగా చేరిన పిల్ల సెలైన్ సూది సొంతంగా పెట్టగలిగితే వార్డు ఆమెకు అప్పగించి వెళ్లమన్నాడు. లేకపోతే ఈ రాత్రి కూడా నాదే.

ఆ పిల్ల చదివిన నర్సింగు కాలేజీకి సొంత ఆసుపత్రి లేదు. బల్ల మీద ఒక ప్లాస్టిక్ చెయ్యి ఉండేదట, దాని మీదే తలా ఒకసారి గుచ్చి పాసయ్యారట. ఇక్కడ మొదటి మంచం మీద హనుమంతునిపాడు నుంచి జ్వరంతో వచ్చిన అవ్వ ఉంది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని తిన్నగా చాపబోయింది. అవ్వ మూలిగింది.

"అది చాచుకోదు తల్లీ. మా ఊరి బోరునీళ్లకు కీళ్లు అట్ల బిగుసుకపోయినాయి."

ప్లాస్టిక్ చెయ్యి ఏ ఊరి ఫ్లోరైడు నీళ్లూ తాగలేదు కదా. పిల్లకు రెండుసార్లు నరం తప్పింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు జాలి కలగలేదు. బస్సు పోతుందని కోపం వచ్చింది. సూది నేను అందుకుంటే క్షణంలో పని, కానీ రాత్రి నా మెడకు చుట్టుకుంటుంది. మోచెయ్యిని దాని మానాన వదిలేసి కింద దిండు పెట్టమని, అరచేతి వెనక నరం వెతకమని చెప్పాను. మూడోసారి దొరికింది. ఆ పిల్ల నేర్చుకున్నందుకు సంతోషించాలి. నేను ఇంటికి పోతున్నందుకు సంతోషించాను.

ఎవరికి ఏ మందో, ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో గబగబా అప్పజెప్పాను. పిల్ల అన్నిటికీ తలూపింది. సగం బుర్రకెక్కలేదని తెలుస్తూనే ఉంది.

సంచి భుజాన వేసుకుంటుంటే అవ్వ పిలిచి, నేను పోతే ఈ పిల్లకు తోడెవరని అడిగింది. ఎవరూ లేరన్నాను. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

ఆమె సూది ఉన్న చెయ్యి కదలకుండా మెల్లగా లేచి కూర్చుంది.

"నువ్వు పోయి పండుకో బిడ్డా. గొర్రెల మందకాడ ఎన్ని రాత్రులు మేలుకోలేదు నేను. ఈ పిల్ల భయపడకుండా కూర్చోనుంటాలే."

నాకు ఏడుపొచ్చింది. అయినా ఆగలేదు. జ్వరంతో ఉన్న మనిషిని నర్సుకు కాపలా పెట్టి బస్టాండుకు నడిచాను.